నీళ్ళ మీద మిద్దె

జమ్మలమడుగు నుంచి మా పెద్దముడియం వచ్చే దారిలో కొన్నాళ్ళ కిందట ఒక ఏడాది పిల్లోడు పులి మీద కూర్చోని ఉండేవాడు. నెత్తిన కిరీటం, కళ్ళకు నల్లద్దాలు, వీపున రెండు రెక్కలు. పులి కాళ్ళ కింద మేఘాలు. మేఘాల్లోంచి ఒక సినిమా హీరో నడిచొస్తూ ఆ పిల్లోడికి దండం పెడుతున్నాడు. కింద మేనమామలు, చిన్నాయనలు, మిత్రబృందం అంటూ ఇరవై తలకాయలు గుండ్రంగా కత్తిరించి వరసగా. మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీ అది. చేసింది నేనే.

డిగ్రీ అయిపోయాక ప్రొద్దుటూరులో ఒక ఫ్లెక్సీ షాపులో రెండేళ్ళు డిజైనర్‌గా పనిచేశాను. కస్టమర్ వాట్సాప్‌లో ఫొటోలు పంపుతాడు. మనం తలలు కత్తిరించి, చంద్రుడి మీదో హంస మీదో పెట్టి, పేర్లు కొట్టి ప్రింటుకు పంపాలి. ఓణీల ఫంక్షన్ అయితే అమ్మాయి పక్కన నెమలి ఉండి తీరాలి. లీడర్ పుట్టినరోజైతే సింహం. పెళ్ళికి తెల్ల గుర్రాలు, మంచుకొండలు. ఎండాకాలం బండలు కాలిపోయే ఊర్లో మంచుకొండల ముందు నిలబడిన పెళ్ళికూతుర్ని చూసి ఇదేందబ్బా అని ఒక్కరూ అడగరు. జరగని దాన్ని ఇంత సులువుగా ఒప్పుకునే జనం ఇంకెక్కడా ఉండరని నా నమ్మకం.

అసలు మా ఊరికి ఇది కొత్తేమీ కాదు. పెద్దముడియంలో దొరికిన పాత రాతి పలక ఒకటి శిల్పాల పుస్తకాల్లో కనిపిస్తుంది. పదిహేను వందల ఏళ్ళకు పైబడిందంటారు. ఒకే పలక మీద వినాయకుడు, బ్రహ్మ, నరసింహుడు, శివలింగం, విష్ణువు, మహిషాసురమర్దిని, ఇంకా కొందరు, వరసగా నిలబడి ఉంటారు. ఏనుగు తల మనిషి ఒకరు, సింహం తల మనిషి ఒకరు. మొదటిసారి ఆ ఫొటో చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. గ్రూప్ ఫ్లెక్సీ లేఅవుట్ అచ్చం అట్లే ఉంటుంది మరి.

'సర్రియల్' అనే మాట నాకు షాపు మానేశాక యూట్యూబ్‌లో తగిలింది. తెలుగులో అధివాస్తవికత అంటారట. పారిస్‌లో ఆంద్రే బ్రెటన్ అనే ఆయన 1924లో దాని మీద ఒక మేనిఫెస్టో రాశాడు. కలలో వచ్చినట్టు సంబంధం లేని వస్తువులు పక్కపక్కన పడితే మనసులో ఏదో కదులుతుంది, ఆ కదిలేదాన్ని పట్టుకోండి అన్నది నాకు అర్థమైన సారాంశం. వాళ్ళకంటే కొంచెం ముందే, 1919 నాటికే, బెర్లిన్‌లో హనా హోక్ పత్రికల్లో అచ్చయిన ఫొటోలు కత్తిరించి, నాయకుల తలలు నాట్యగత్తెల ఒంటికి అతికించింది. అంటే ఎవరో తీసి పంచిన ఫొటోలే ఆమె ముడిసరుకు. ఇంకా వెనక్కి పోతే ఇంగ్లండులో ఆస్కార్ రేలాండర్ 1857లోనే 30కి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే ఫొటో చేశాడు. అమెరికాలో జెర్రీ యుల్స్‌మన్ అయితే కంప్యూటర్ లేకుండా చీకటిగదిలోనే చెట్లను గాల్లో తేలించాడు. మనవాళ్ళేం తక్కువ తినలేదు. 1957లో మాయాబజార్‌లో లడ్డూలు వాటంతట అవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోయినాయి. ఆ కెమెరా పనితనం మార్కస్ బార్ట్లేది. ఇప్పుడు మన చేతిలో ఫోనుంది, లేయర్లున్నాయి, అన్‌డూ బటన్ ఉంది.

ఆ బటన్ లేని పనులు కొన్నుంటాయి. షాపులో నాకు భయంగా ఉండే ఆర్డర్లు పులులవీ నెమళ్ళవీ కావు. ఎవరో ఒక పెద్దాయనో, ఆడమనిషో వచ్చి ప్లాస్టిక్ కవర్లోంచి పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒకటి తీస్తారు. "ఈయన్ను మా ఫ్యామిలీ ఫొటోలో కలపల్ల పాపా" అంటారు. కొడుకు పెళ్ళికి ముందే తండ్రి పోయుంటాడు. పెళ్ళి ఫొటోలో ఆయన లేడు. ఇప్పుడు ఉండాలి. ఆధార్ కార్డు ఫొటోలోంచి ముఖం తీసి, ఎవరిదో సూటు తగిలించి, పెళ్ళికొడుకు పక్కన నిలబెడతాం. ఆంధ్రా, తెలంగాణాల్లో ఏ ఊరి స్టూడియోలో అడిగినా ఈ పని చేసి పెడతారు. ప్రింట్ చేతికిచ్చినప్పుడు వాళ్ళు దాన్ని చూసే చూపు ఉంటుందే, అప్పుడు నేను కంప్యూటర్ వైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు మౌసు కదిలించేదాన్ని.

ఇక మా అత్త సంగతి. మా నాయన చెల్లెలు. కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరుకు ఇచ్చినారు ఆమెను. ఆ ఊరి పేరు మీరు వార్తల్లో చూసే ఉంటారు. గండికోట రిజర్వాయర్ సామర్థ్యం 26.85 టీఎంసీలు. కృష్ణా నీళ్ళు శ్రీశైలం నుంచి కాలవలు, సొరంగాలు దాటి అవుకు మీదుగా వచ్చి ఇక్కడ పెన్నలో నిలబడతాయి. నిలబడే నీళ్ళకు చోటు కావాల కదా. 2020లో ఆ చోటు మా అత్త వాళ్ళ ఊరు. నీళ్ళు చాలామందికి అవసరమే, సీమలో పుట్టి నీళ్ళను తిట్టే నోరు ఎవరికీ రాదు. కానీ మా అత్తను అడిగితే రెండు మాటలే చెప్తుంది. "నీళ్ళొచ్చినాయి. ఇల్లు పాయ."

వెళ్ళేటప్పుడు తలుపులు, దూలాలు పీక్కొని పోయినారు. గోడలు అక్కడే ఉండిపోయినాయి. పునరావాస కాలనీలో కొత్త ఇల్లు కట్టుకున్న రెండో ఏడాది మా మామ పోయినాడు. ఆ తర్వాత ఒకరోజు అత్త నాకు ఫోన్ చేసి, "మే, నువ్వు ఫొటోలు కలుపుతావంట కదా, మా పాత ఇల్లు కలిపీ" అనింది.

ఏం కలపాలి? ఆ ఇంటి ఫొటో ఒక్కటీ సరైనది లేదు. ఇంటి ముందు నిలబడి మనుషుల్ని తీసుకుంటాం గానీ ఇంటిని ఎవరు తీస్తారు? ఉన్నవన్నీ ముక్కలే. ఒక పుట్టినరోజు ఫొటోలో కేకు వెనక సగం కిటికీ. ఒక సెల్ఫీలో చెవి పక్కన అరుగు మూల. ఇంకోదాంట్లో మేకపిల్ల, దాని వెనక గోడకు కొట్టిన సున్నం.

ఊరి పేరుతో ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. ఊరు లేదు, గ్రూప్ ఉంది. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పూలు, సాయంత్రం కొట్లాటలు, మధ్యలో సంతాపాలు. నన్ను అందులో చేర్చమని అత్త కొడుకును అడిగి ఒక మెసేజ్ పెట్టాను: పాత ఊర్లో తీసిన ఫొటోలు ఎవరి దగ్గరున్నా పంపండి, వాటితో ఒక బొమ్మ చేస్తాను, ఎవరి ఫొటో వాడితే వాళ్ళకు ముందే చూపిస్తాను. రెండ్రోజులు ఎవరూ పలకలేదు. మూడో రోజు ఒకాయన బావి ఫొటో పంపినాడు. ఇక ఆగలేదు. స్కూలు గోడ, గుడి ముందు వేపచెట్టు, బస్సు దగ్గర నిలబడిన పిల్లోళ్ళు, సెనగల రాశి మీద కూర్చున్న ఒక ముసలాయన. బెంగళూరు నుంచి, కువైట్ నుంచి కూడా వచ్చినాయి.

ఇక్కడ చేసేవాళ్ళకు ఒక మాట. వాట్సాప్‌లో ఫొటో మామూలుగా పంపితే నాణ్యత నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. కత్తిరించేటప్పుడు ఎరేజర్ వాడొద్దు, మాస్క్ వాడండి. చెరిపేసింది తిరిగి రాదు, మాస్క్ చేసింది ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తెచ్చుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం వెలుతురు. ఒక ముక్కలో ఎండ ఎడమ నుంచి పడి, ఇంకో ముక్కలో కుడి నుంచి పడితే ఎంత బాగా అతికినా కన్ను ఒప్పుకోదు. ఇల్లు గాల్లో ఎగిరినా నమ్ముతాం, నీడ తప్పు వైపు పడితే నమ్మం. కన్ను అంత విచిత్రమైంది.

నేను రెండు బొమ్మలు మొదలుపెట్టాను. ఒకటి అత్త అడిగింది అడిగినట్టు: వీధిలో ఇల్లు, ఇంటి ముందు అరుగు. రెండోది నాది. రిజర్వాయర్ గట్టున నిలబడి నేనే తీసిన నీళ్ళ ఫొటో, నెమళ్ళదిన్నె దగ్గర కుందూ మీద తీసిన సాయంత్రం ఆకాశం, నీళ్ళకు చాలా ఎత్తున గాల్లో ఒక ఎర్రటి రాతి ముక్క, దాని మీద మా అత్త మిద్దె. రాతి కిందనుంచి వేపచెట్టు వేర్లు వేలాడుతూ నీళ్ళను తాకీతాకకుండా. మాగ్రిట్ అనే బెల్జియం చిత్రకారుడు 1959లో సముద్రం మీద గాల్లో తేలే బండ, దాని మీద కోట వేశాడు. ఆ పెయింటింగ్ చూసినప్పుడు నాకు మొదట తోచింది గండికోటే. అదే పట్టుకున్నాను.

రాతి ముక్క కోసం గండికోట లోయ ఫొటో కావాల్సి వచ్చింది. గూగుల్‌లో వందలు కనిపిస్తాయి, కానీ కనిపించిందల్లా మనది కాదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు హక్కు పుట్టాలంటే ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు. తీసిన క్షణం నుంచే ఉంటుంది. అందుకే నేను వికీమీడియా కామన్స్‌కు పోయాను. 2004 నుంచి నడుస్తున్న ఉమ్మడి ఫొటోల గాదె అది. పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే ఆ లోయ ఫొటోలు అందులో బోలెడు. ప్రతి ఫొటో కింద లైసెన్సు రాసి ఉంటుంది, చదవడానికి నిమిషం పట్టదు. సీసీ బీవై అంటే వాడుకో, మార్చుకో, తీసినవాళ్ళ పేరు చెప్పు. దాని పక్కన ఎస్ఏ ఉంటే నువ్వు చేసిన బొమ్మను కూడా అదే షరతు మీద పంచాలి. ఎన్‌సీ ఉంటే డబ్బు చేసుకోకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చి పంచకూడదు, కాబట్టి కొలాజ్‌కు పనికిరాదు. సీసీ జీరో ఉంటే అడిగే పనే లేదు. చంద్రుడూ నక్షత్రాలూ కావాలంటే నాసా ఫొటోలు చాలావరకు స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

గ్రూప్ ఫొటోలకు మాత్రం ఏ లైసెన్సూ రాసి ఉండదు. అక్కడ అడగడమే లైసెన్సు. సెనగల రాశి మీది ముసలాయన ఫొటో నాకు భలే నచ్చింది. పంపినాయనకు మెసేజ్ పెట్టాను. "మా నాయన అది. ఇల్లు పెట్టుకో, చెట్టు పెట్టుకో, ఆయన్ను మాత్రం గాల్లో పెట్టాకు" అన్నాడు. సరేనన్నాను. రాశి కూడా వాడలేదు.

ఆర్నెల్ల కిందట ఒక ఫ్రెండు, ఇంత కష్టమెందుకు, ఏఐకి చెప్తే సెకన్లలో ఇస్తుంది కదా అన్నాడు. ఇచ్చింది. నీళ్ళ మీద తేలే ఇల్లు అని రాస్తే ఎర్రపెంకుల ఇల్లు, కొబ్బరిచెట్లు, పడవ. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. మా మిద్దెకు పెంకులుండవు. దూలాల మీద నాపరాళ్ళు పరిచి పైన మట్టి పోస్తారు, వెలుతురుకు మధ్యలో గవాక్షి. మిద్దె, బండలు, గవాక్షి అని ఎన్ని రకాలుగా రాసినా కొబ్బరిచెట్టు మాత్రం మళ్ళీ మళ్ళీ మొలిచింది. ఆ బొమ్మ గ్రూప్‌లో పెడితే ఒక పిన్నమ్మ వాయిస్ మెసేజ్ పంపింది: "ఇది యా ఊరు మే? మందేనా?" నేను మళ్ళీ ముక్కల దగ్గరికే వచ్చాను.

అసలు పని గ్రూప్‌లో డ్రాఫ్ట్ పెట్టినప్పుడు మొదలైంది. ఇల్లు గాల్లో ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు! "వేపచెట్టు కుడిపక్క కాదు, ఎడమపక్క." "బావికీ ఇంటికీ నడాన దోవ ఉండాల." "అరుగు రెండు మెట్లు, మూడు కాదు." ఇద్దరు మనుషులు గోడ రంగు మీద సాయంత్రమంతా వాదించుకున్నారు. ఒకాయన ఆ ఏడు ఉగాదికి నీలం వేసినారంటాడు, ఇంకొకాయన అది పక్కింటి గోడ అంటాడు. పదేళ్ళుగా మాట్లాడుకోని దాయాదులట వాళ్ళు, తర్వాత తెలిసింది. నేను చెట్టును ఎడమకు జరిపాను. ఇల్లు ఆకాశంలో ఉన్నా సరే, చెట్టు ఎడమనే ఉండాలి.

బొమ్మ పూర్తిచేసి, ఎవరెవరి ఫొటోలో కింద పేర్లు రాసి, గ్రూప్‌లో పెట్టాను. వారంలోపే అది మా చేయి దాటింది. ఎవరో కిందనున్న పేర్లూ, సగం వేర్లూ కత్తిరించేసి ఒక ఫేస్‌బుక్ పేజీలో 'గండికోటలో అద్భుతం, నీళ్ళపైకి తేలిన ఇల్లు' అని పెట్టారు. నమ్మినవాళ్ళు నమ్మారు, దండాల ఎమోజీలు పెట్టినవాళ్ళు పెట్టారు. ఎక్కడుందో లొకేషన్ పంపమని అడిగినవాళ్ళూ ఉన్నారు. పేజీ వాళ్ళకు రాస్తే జవాబు లేదు. నాకు కోపం తెప్పించింది పేరు పోవడం కాదు. ఇల్లు మునిగిన బొమ్మను ఇల్లు తేలిన వార్తగా మార్చేశారు. ఇల్లు మునిగింది. అది తెలిసినవాళ్ళకే అది తేలడంలో అర్థముంది. అది చెప్పకుండా చూపిస్తే మిగిలేది పులి మీద పిల్లోడే. మాటకొస్తే పులి మీద పిల్లోడు నయం, ఆ ఫ్లెక్సీ చూసి నిజమని ఎవరూ మోసపోలేదు.

అప్పట్నుంచి పేర్లు కింద రాయడం లేదు. వేర్ల మీదే రాస్తున్నాను, ఒక్కో వేరుకు ఒక్కో పేరు. గోడ మీద ఊరి పేరు, ఊరు మునిగిన సంవత్సరం. కత్తిరించాలంటే ఇంటినే కత్తిరించాలి.

అత్తకు రెండు బొమ్మలూ ప్రింట్ తీసి తీసుకుపోయాను. మామ గురించి చెప్పాలి ముందు. ఆమె అడిగిన బొమ్మలో మామను అరుగు మీద కూర్చోబెట్టాను. ఉన్నది ఒక పెళ్ళిలో ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటో, ముఖం తెల్లగా మెరుస్తా ఉంది, ఎంత సర్దినా ఎండలో కూర్చున్న మనిషిలా రాలేదు. తేలే ఇంట్లో ఆయన్ను పెట్టలేదు. ఆయన చెప్పులు అత్త దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, కొత్తింట్లో మంచం కింద. వాటిని మధ్యాహ్నం ఎండలో బండ మీద పెట్టి ఫోన్‌తో తీసి, తేలే ఇంటి మెట్టు మీద విడిచినట్టు పెట్టాను. ఆ బొమ్మలో ఆయన అంతే.

మొదటి బొమ్మను అత్త చాలాసేపు చూసింది. "బాగుండాది" అని మంచం మీద పెట్టింది. రెండోదాన్ని చేతిలోకి తీసుకొని వాకిట్లోకి, వెలుతురులోకి పోయింది. గాల్లో ఎందుకుంది, వేర్లేంది అని అడుగుతుందని జవాబులు సిద్ధం చేసుకున్నాను. బ్రెటన్, మాగ్రిట్, కల, అన్నీ.

"తలుపెందుకు మూసినావు?" అనింది.

నాకు వెంటనే అర్థం కాలేదు. గ్రూప్‌లో వచ్చిన ఫొటోల్లో తలుపు మూసున్నదే స్పష్టంగా ఉందని చెప్పాను.

"మీ మామ చెప్పులు బయట ఉండాయి కదా. అంటే మనిషి ఇంట్లో ఉన్నట్టే. మనిషి ఇంట్లో ఉంటే పగలు మేం తలుపు మూసేది లేదు."

ఆ రాత్రి గ్రూప్‌లో మళ్ళీ మెసేజ్ పెట్టాను. మా అత్త వాళ్ళ తలుపు తీసి ఉన్న ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా అని. పదకొండు దాటాక వాళ్ళ పాత వీధి పిల్లోడు ఒకడు, ఇప్పుడు హైదరాబాద్‌లో చదువుతున్నాడు, ఒకటి పంపినాడు. ఎప్పుడో సంక్రాంతికి తీసిందట. తలుపు బార్లా తీసి ఉంది, లోపల గవాక్షిలోంచి పడిన ఎండ బండల మీద చదరంగా కనిపిస్తోంది. గుమ్మానికి అడ్డంగా ఒక బర్రెదూడ నిలబడి ఉంది.

దూడను తీసేయాలంటే దాని వెనక గడపను నేనే ఊహించి గీయాలి. పొద్దున్నే అత్తకు ఫోన్ చేసి అడిగాను, తీసేయమంటావా అని.

"ఉండనీలేమే" అనింది. "దాన్ని యాడికి తోలుతావు?"